మందుకి మూడర్థాలు

పోయిన వారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీమ్ మిత్రుడొకడు ఫోను తెచ్చి నా పళ్ళెం పక్కన పెట్టాడు. చూస్తే ఒక పీడీఎఫ్. ఎడింబరా, గ్లాస్గో, స్కై దీవి, ఐలా దీవి. తొమ్మిది రాత్రులు. కోటల్లాంటి హోటళ్ళు, మనకోసమే ఒక వ్యాను, వెంట ఒక విస్కీ నిపుణుడు, రోజుకి రెండు డిస్టిలరీలు. మనిషికి నాలుగున్నర లక్షలు, విమానం టికెట్టు కాకుండా.

"నువ్వు పోయినేడు ఇలాంటిదే వెళ్ళొచ్చావు కదా గురూ... వర్తేనా?"

"వర్తే" అనేసి పెరుగన్నం కలుపుకున్నా. అప్పటికి అదే నోటికొచ్చింది. కానీ సాయంత్రం బస్సులో కూర్చున్నాక ఆ ఒక్క ముక్క నాకే నచ్చలేదు. చెప్పాల్సింది చాలా ఉంది. భోజనాల బల్ల దగ్గర చెప్పే సంగతి కాదది. అందుకే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక చేసుకోండి.

ముందు నా గురించి రెండు ముక్కలు. మా ఊరు చిలకలూరిపేట దగ్గర. అమ్మమ్మగారి ఊరు దర్శి వైపు. 2022లో జిల్లాలు విడగొట్టి కొత్త పేర్లు పెట్టారు గానీ, మా ఇళ్ళలో ఇప్పటికీ "మేం గుంటూరు, వాళ్ళు ప్రకాశం" అనే అంటారు. రెండు వైపులా పత్తి, మిరప. ఇంజనీరింగ్ అయ్యాక అందరిలాగే హైదరాబాదు. పోయినేడు ప్రాజెక్టు పని మీద ఆర్నెల్లు ఎడింబరాలో ఉన్నా. తిరిగొచ్చే ముందు మా టీమ్ వాళ్ళు నలుగురు ఈ విస్కీ యాత్రకి డబ్బు కడుతుంటే నేనూ కట్టా. అందులో సగం నా బోనస్సు, మిగతా సగం నా బుద్ధిలేనితనం :)

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేయాలి. మా ఇంట్లో తాగుడు అనే మాట మామూలు మాట కాదు. ఎందుకో తర్వాత చెప్తా.

సరే, యాత్ర సంగతి. నిజం చెప్పాలంటే బ్రహ్మాండంగా ఉంది. ఐలా అనే దీవికి కెన్నక్రెయిగ్ రేవు నుంచి ఓడలో రెండు గంటల పైన ప్రయాణం. ఓడ దక్షిణపు రేవు దగ్గరికి వచ్చేసరికి ఒడ్డున తెల్లటి గోడలు, వాటి మీద మనిషెత్తు నల్లటి అక్షరాల్లో పేర్లు కనిపిస్తాయి. లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్. మూడూ ఒకే రోడ్డు మీద, నడిచి వెళ్ళేంత దూరంలో. దీవి మొత్తం జనాభా మూడు వేల చిల్లర. మా మండలంలో ఒక పెద్ద పంచాయతీ అంత. ఆ కాస్త జనం తయారుచేసే సరుకు పేరు చెప్తే గచ్చిబౌలిలో కుర్రాళ్ళు లేచి నిలబడతారు!

లఫ్రోయిగ్‌లో మమ్మల్ని మొదట తీసుకెళ్ళింది ఒక పెద్ద హాల్లోకి. నేలంతా తడి బార్లీ గింజలు పరిచి ఉన్నాయి, జానెడు మందాన. మొలక రావాలి, కానీ వేళ్ళు ఒకదానికొకటి పెనవేసుకోకూడదు, వేడెక్కకూడదు. అందుకని గంటల లెక్కన చెక్క పారతో తిరగేస్తూ ఉండాలి. ఇప్పుడు చాలా డిస్టిలరీలు మొలకెత్తిన బార్లీని బయటి నుంచి కొనుక్కుంటాయిట. నేల మీద పరిచి చేతులతో తిరగేసే పద్ధతిని లఫ్రోయిగ్, బోమోర్ లాంటి కొద్దిమంది మాత్రమే, అదీ తమకి కావలసిన దాంట్లో కొంత భాగానికే నిలబెట్టుకున్నారు.

గైడు మాకు పార ఇచ్చి "రండి, ఒకసారి తిరగేసి ఫోటో దిగండి" అంది. మా వాళ్ళు ఒక్కొక్కరే దిగారు. నా వంతు వచ్చేసరికి నాకు తెలియకుండానే రెండు వరసలు చకచకా లాగేశా. "ఇంతకుముందు చేశావా?" అని అడిగిందావిడ. చేశాను కదా మరి! ప్రతి ఫిబ్రవరిలో, మార్చిలో, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని ఇలాగే తిరగేశా. తేడా ఒక్కటే. అక్కడ ముక్కుకి తువ్వాలు కట్టుకోవాలి, తుమ్ములు ఆగవు, రాత్రి కళ్ళు మండుతాయి. ఫోటో మాత్రం ఎవరూ తీయలేదు.

ఇది ఎగతాళికి చెప్పడం లేదు. ఆ హాల్లో నాకు నిజంగా ఈర్ష్య పుట్టింది. వాళ్ళు పని చేసే చోటు చూడటానికి ప్రపంచం నలుమూలల నుంచి మనుషులు డబ్బు కట్టి వస్తున్నారు. వచ్చి నోరు మూసుకుని, చెవులప్పగించి వింటున్నారు. బార్లీ ఏది, నీళ్ళు ఏ వాగువి, పీట్ మట్టి ఎక్కడ తవ్వారు, పీపాలో ఇంతకుముందు ఏముండేది, ఎన్నేళ్ళు దాచారు, దాచినంత కాలం ఎంత ఆవిరైపోయింది... ఏడాదికి సుమారు 2 శాతం పీపాలోంచి ఎగిరిపోతుందిట. దాన్ని దేవదూతల వాటా అంటారు. మన బెంగుళూరు ఎండకి అది చాలా ఎక్కువ. అందుకే మన దగ్గర విస్కీ తొందరగా పాకానికి వస్తుంది. బెంగుళూరు వాళ్ళ అమృత్ సింగిల్ మాల్ట్‌ని 2004లో మొదట విడుదల చేసింది ఇండియాలో కాదు, గ్లాస్గోలో! మా గైడు ఈ సంగతి చెప్పి మా వైపు చూసి నవ్వితే మేం ఐదుగురం కాలర్లు సర్దుకున్నాం.

ఆ తర్వాత అసలు ఘట్టం, రుచి చూడటం. చిన్న తులిప్ పువ్వు లాంటి గ్లాసులు. అందులో పోసేది మన తీర్థం కంటే కాస్త ఎక్కువ. ముందు వాసన చూడాలి, నోరు కొంచెం తెరిచి. తర్వాత రెండు చుక్కల నీళ్ళు. మళ్ళీ వాసన. తర్వాత ఒక గుటక, నోరంతా తిప్పి. మింగడం ఇష్టం లేకపోతే ఉమ్మడానికి ఒక గిన్నె. మా వ్యాను డ్రైవరుకైతే అసలు గ్లాసే లేదు, తన వాటా చిన్న సీసాలో పోసి మూత పెట్టి ఇంటికిచ్చారు. స్కాట్లాండులో 2014 డిసెంబరులో డ్రైవింగుకి మద్యం పరిమితి బాగా తగ్గించేశారు. ఆ రోజు నుంచీ మిగతా బ్రిటన్ కంటే అక్కడ రూలు కఠినం. ఆయన వాసన మాత్రం చూసి, కళ్ళు మూసుకుని, సీసా జేబులో వేసుకున్నాడు.

"ఏం వాసన వస్తోంది?" అని గైడు అందర్నీ అడిగింది. పొగ అన్నాడొకడు. సముద్రపు నాచు అన్నాడొకడు. నేను ఉన్నమాట చెప్పా. "చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే స్కూల్లో రాసే టింక్చరు." మా వాళ్ళు పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టింది. "సరిగ్గా చెప్పావు, ఇది ఆసుపత్రి వాసనే. అమెరికాలో మద్యనిషేధం ఉన్న రోజుల్లో దీన్ని మందుగానే అమ్మారని చెప్పుకుంటారు" అంది.

మందుగా! నాకు నవ్వాగలేదు. ఎందుకని అడిగింది. మా భాషలో జబ్బుకి వాడేదీ మందే, సీసాలో తాగేదీ మందే అని చెప్పా. ఆవిడకి తెగ నచ్చింది. అసలు విస్కీ అనే మాట వాళ్ళ గేలిక్ భాషలో "జీవజలం" అనే మాట నుంచి వచ్చిందట. కాబట్టి వాళ్ళదీ అదే కథ అంది.

మూడో అర్థం ఆవిడకి చెప్పలేదు.

మీలో మా వైపు వాళ్ళుంటే ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పత్తి చేలల్లో "మందు కొట్టడం" అంటే పురుగుమందు చల్లడం. తెల్లారేసరికి ఊళ్ళో ఎవరో వచ్చి "ఫలానా ఆయన రాత్రి మందు తాగాడంట" అంటే, ఏ మందు అని ఎవరూ అడగరు. ఆ గొంతు బట్టే తెలిసిపోతుంది. చిన్నప్పుడు నాకు తేడా తెలిసేది కాదు. అమ్మ ముఖం చూసి తెలుసుకునేవాణ్ణి.

మా మావయ్య సంగతి ఇక్కడ చెప్పాలి. అమ్మకి తమ్ముడు. దర్శి దగ్గర రెండెకరాలుండేవి, ఒక ఏడు పత్తి, ఒక ఏడు మిరప. మంచి సేద్యగాడు. సన్నగా నవ్వేవాడు, నాకు ఈత నేర్పింది ఆయనే. పత్తి రెండేళ్ళు వరసగా పోయింది. తర్వాత క్వార్టరు అలవాటైంది. ఊళ్ళో కిరాణా కొట్టు వెనకాలే బెల్టు షాపు. మొదట ఒకటి, తర్వాత రోజుకి రెండు. ముందు ఒక ఎకరం, తర్వాత రెండోది. 2017లో కామెర్లతో ఆసుపత్రికి తీసుకెళ్తే లివరు పూర్తిగా పోయిందన్నారు. అప్పటికి ఆయనకి 46. ఆయన ఆ రెండో మందు తాగాడు. మూడోది తాగలేదు. ఆ ఊళ్ళో దాన్నే అదృష్టం అన్నవాళ్ళున్నారు.

మళ్ళీ ఐలాకి వద్దాం. లఫ్రోయిగ్ వాళ్ళు 1994లో "ఫ్రెండ్స్" అని ఒక పద్ధతి పెట్టారు. సభ్యులైన ప్రతివాడికీ డిస్టిలరీ ఎదురుగా ఉన్న పొలంలో ఒక చదరపు అడుగు భూమి జీవితాంతం లీజుకిస్తారు. సర్టిఫికెట్టు కూడా ఇస్తారు. వాళ్ళే మనకి కౌలు కడతారు. ఏడాదికి ఒక గుక్క విస్కీ, మనం అక్కడికి వెళ్ళి వసూలు చేసుకోవాలి. పొలంలోకి దిగడానికి బూట్లు, పాతుకోవడానికి మన దేశపు బుల్లి జెండా. సరదాగా ఉంటుంది, నేనూ పాతాను. వానలో, బురదలో, నా అడుగు భూమి మీద నిలబడి, ఇంజనీరు బుర్ర ఊరుకోదు కదా, లెక్క కట్టా. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. రెండెకరాలకి 87,120.

అంటే మా మావయ్య 87,120 మంది స్నేహితులకి తలా ఒక అడుగు ఇవ్వగలిగిన భూమిని తాగేశాడు.

ఇంకో లెక్క కూడా. నేను ఆ యాత్రకి కట్టిన నాలుగున్నర లక్షలకి ఇప్పటి 99 రూపాయల క్వార్టర్లు కొంటే 4,545 వస్తాయి. రోజుకి రెండు చొప్పున ఆరేళ్ళ పైన. నేను తొమ్మిది రోజుల్లో పెట్టిన డబ్బుతో మావయ్య లాంటి ఒక మనిషి ఆరేళ్ళ పాటు తనని తాను ఖర్చు పెట్టుకోగలడు. కానీ ఆ తొమ్మిది రోజుల తర్వాత నన్ను ఎవరూ తాగుబోతు అనలేదు. లింక్డిన్‌లో ఫోటో పెడితే మూడొందల లైకులు వచ్చాయి. "వావ్, ఫైన్ టేస్ట్" అని మా మేనేజరు కామెంటు.

నా గోల ఇదే. మనం తాగితే సంస్కృతి, వాళ్ళు తాగితే వ్యసనం. మన గ్లాసు గురించి మాట్లాడాలంటే పొగ, తేనె, సముద్రపు ఉప్పు అని నలభై మాటలున్నాయి. వాళ్ళ గ్లాసు గురించి మాట్లాడటానికి మనకున్నది ఒకటే మాట. వాళ్ళకైనా రుచి గురించి ఒక్క మాట ఎక్కడుంది? మావయ్య ఎప్పుడూ రుచి చూడలేదు. చూస్తే మింగలేడు కాబట్టి ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో పోసుకుని, వెంటనే పచ్చడి నాకేవాడు. ఆ సీసాలో ఏముందో ఆయనకి తెలీదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం చెరుకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌తో చేసింది. యూరప్ రూళ్ళ ప్రకారం దాన్ని విస్కీ అనడానికే వీల్లేదు. స్కాచ్ అనిపించుకోవాలంటే మాత్రం 2009 నాటి చట్టం ఒకటుంది. స్కాట్లాండులోనే తయారవ్వాలి, ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు ఉండాలి, 40 శాతానికి తగ్గకూడదు. అక్కడ తాగేవాడికి ఏం తాగుతున్నాడో తెలుసుకునే హక్కుంది. ఇక్కడ 99 రూపాయల సీసా ఒకటి తెప్పించి అటూ ఇటూ తిప్పి చూశా. ధర, హెచ్చరిక, కంపెనీ పేరు ఉన్నాయి. అది దేంతో పుట్టిందో, ఎన్నాళ్ళు నిలవుందో చెప్పే ముక్క నాకు కనబడలేదు.

"ఐతే మొత్తం నిషేధించెయ్యమంటావా?" అంటారేమో. మా అమ్మమ్మ ఒకప్పుడు అదే అంది. అంతటితో ఊరుకోలేదు, చేసింది కూడా. పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకి వెళ్ళిన ఆడవాళ్ళు రోశమ్మ వెంట సారా దుకాణం మూయించారన్న వార్త 1992 నాటికి ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకింది. అమ్మమ్మ వాళ్ళు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బండికి అడ్డం పడుకున్నారట. "మన కల్లంలో కారమేరా, కొనలేదు" అని చెప్పేది గర్వంగా. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టారు. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్ళూ పక్క రాష్ట్రాల సరుకు, దొంగసారా, ఖాళీ ఖజానా. ఇదంతా అమ్మమ్మకీ తెలుసు. అయినా "ఆ రెండేళ్ళు నా కొడుకు ఇంటికొచ్చి అన్నం తిన్నాడు" అనేది. ఈ వాక్యానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఐనా నేను నిషేధం వైపు లేను. కారణం కురిచేడు. అది మా అమ్మమ్మగారి ఊరికి ఎంతో దూరం కాదు. 2020 మే నెలలో రాష్ట్రంలో మద్యం ధరలు ఒక్కసారిగా 75 శాతం పెంచారు. జులై ఆఖర్లో కరోనా కట్టడి వల్ల కురిచేడులో దుకాణాలు మూతపడ్డాయి. అలవాటుపడ్డ ఒళ్ళు ఊరుకోదు. శానిటైజరు తాగారు. రెండు మూడు రోజుల్లో పదిమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళలో అడుక్కునేవాళ్ళున్నారు, కూలీలున్నారు. చేతులకి రాసుకునే మందు అది. చూశారా, మందుకి నాలుగో అర్థం కూడా దొరికింది.

ఆ వార్త వచ్చిన రోజు మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒకడు "జనాభా తగ్గింది" అని రాశాడు. వెనక నవ్వు బొమ్మ. రాసినవాడు ఇప్పుడు డల్లాస్‌లో బంగళా బేస్‌మెంటులో బార్ కట్టించుకున్నాడు. పన్నెండేళ్ళది, పద్దెనిమిదేళ్ళది వరసగా పేర్చి ఫోటోలు పెడతాడు. నేను వాటికి లైకు కొట్టాను కూడా. అందుకని వాణ్ణి ఒక్కణ్ణే తిట్టి తప్పించుకోలేను.

స్కాట్లాండు వాళ్ళు మాత్రం అమాయకులా, వాళ్ళకీ ఈ బాధ లేదా అంటే, ఉంది. గ్లాస్గోలో మా హోటల్ నుంచి రెండు వీధులు దాటితే చాలు, చలిలో చవక వోడ్కా సీసాతో కూర్చున్న మనుషులు కనబడ్డారు. మా యాత్ర వ్యాను ఆ వీధిలోంచి వెళ్ళదంతే. కానీ అక్కడి ప్రభుత్వం ఒక పని చేసింది. మద్యంలో ఉన్న ఆల్కహాలు యూనిట్ల లెక్కన ఇంతకంటే తక్కువకి అమ్మకూడదని కనీస ధర పెట్టింది. 2018 మేలో యూనిట్‌కి 50 పెన్నీలు, 2024 సెప్టెంబరు ఆఖరు నుంచి 65. విస్కీ కంపెనీల సంఘం కోర్టుల్లో ఏళ్ళ తరబడి పోరాడి 2017లో ఓడిపోయింది. 2023లో వాళ్ళ ప్రజారోగ్య సంస్థ లెక్క చూస్తే, ఆ ధర లేకపోతే జరిగే వాటితో పోలిస్తే నేరుగా మద్యం వల్ల కలిగే మరణాలు 13.4 శాతం తగ్గాయని తేలింది. అలాగని పూర్తిగా బానిసైనవాళ్ళ మీద అది పెద్దగా పనిచేసినట్టు కనబడలేదని కూడా వాళ్ళే రాశారు. వాళ్ళకి ధర కాదు, వైద్యం కావాలి.

మన దగ్గరేమో ఒకసారి ధర ఆకాశానికి, ఇంకోసారి పాతాళానికి. 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే దుకాణం నడిపింది. 2024 అక్టోబరు నుంచి మళ్ళీ ప్రైవేటు. తక్కువ ధరకి మద్యం ఎన్నికల హామీల్లో ఒకటి. ఏ పార్టీని తిట్టడానికీ ఇది రాయడం లేదు (కామెంట్లలో మొదలుపెట్టకండి ప్లీజ్). అందరిదీ ఒకటే పద్ధతి, ఖజానాకి ఆ డబ్బు కావాలి. నేను అడిగేది చిన్న సంగతి. ఆ డబ్బులోంచి ప్రతి ఏరియా ఆసుపత్రిలో తాగుడు మాన్పించే ఒక డాక్టరు, నాలుగు మంచాలు. సీసా మీద లోపల ఏముందో పెద్దక్షరాల్లో తెలుగులో. ఊరి బెల్టు షాపు మూత. నిషేధం వద్దు. అడుగు నేల కూడా లేకుండా ధర దించేయడమూ వద్దు. మావయ్యని 2012లో ఎవరైనా ఒక డాక్టరు కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలీదు. మాట్లాడటానికి డాక్టరంటూ లేడన్నది మాత్రం తెలుసు.

ఇంకో కోణం కూడా ఉంది. 2025 జులై 24న ఇండియా, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో స్కాచ్ మీద మన దిగుమతి సుంకం 150 శాతం నుంచి ముందు 75కి, పదేళ్ళలో 40కి దిగేలా రాసుకున్నారు. మా ఆఫీసులో పండగ చేసుకున్నారు. అదే 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో మిర్చి ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. రెండేళ్ళ క్రితం ఇరవై వేలు చూసిన రైతుకి! అంతకుముందు 2021లో నల్ల తామరపురుగు వచ్చి తోటలకి తోటలే పీకేశారు. మా నాన్నా పీకాడు. ఆఫీసులో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది వేరే సంగతి.

స్కాచ్‌కి మన దేశంలో కూడా జీఐ రక్షణ ఉంది. గుంటూరు సన్నానికీ ఉంది. కాగితం మీద ఇద్దరూ సమానమే. కానీ ఒకరి పేరు చెప్తే ప్రపంచం కళ్ళు మూసుకుని వాసన చూస్తుంది. రెండోది గోనె టిక్కీల్లో యార్డుకి పోయి, కొనేవాడి చేతిలో కసుక్కున విరిగి, రంగు తక్కువైతే తాలు అనిపించుకుని, ఎవరి పొలందో తెలియకుండా పొడైపోతుంది. కారానికి కొలత పెట్టిన స్కోవిల్ కూడా 1912లో చేసింది రుచి పరీక్షే. పంచదార నీళ్ళలో కలుపుతూ పోయి, నాలుకకి మంట తెలియనిదాకా ఎన్ని రెట్లు పలచన చేశారో లెక్కబెట్టాడు. అంటే మిరపకాయ మీద శ్రద్ధ పెట్టొచ్చు, మాటలు పుట్టించొచ్చు. మా అమ్మ కాయ విరిచి వాసన చూసి తేజానా, 334నా చెప్పేస్తుంది. కూరకేది, పచ్చడికేది, ఆవకాయకేది అని విడివిడిగా తీస్తుంది. ఆవిడ దగ్గర డబ్బు కట్టి ఎవరూ కూర్చోరు. నేనే ఎప్పుడూ కూర్చోలేదు. ఐలా నుంచి వచ్చాక మాత్రం ఒక సాయంత్రం కూర్చున్నా. మూడు రకాలు వరసగా పెట్టి చూపించమన్నా. "నీకేమన్నా పిచ్చా" అంది గానీ, గంటన్నర చెప్పింది. నాలుక మొద్దుబారింది, రాసుకున్నది నాలుగు పేజీలు.

కాబట్టి మిత్రమా, వర్తేనా అంటే... ఆ యాత్ర అమ్మేది విస్కీ కాదు. విస్కీ హైదరాబాదు విమానాశ్రయంలో కూడా దొరుకుతుంది. అది అమ్మేది శ్రద్ధ. ఒక గుక్క ద్రవం ముందు అరగంట కూర్చుని, ఇది ఎవరు చేశారు, ఎక్కడ, ఎందుకిలా ఉంది అని అడిగే తీరిక. అది నేర్చుకోవడానికి నాలుగున్నర లక్షలు ఉంటే వెళ్ళు. కానీ నేర్చుకున్నది అక్కడే వదిలేసి రాకు. తిరిగొచ్చాక ఏ రోడ్డు పక్కనో పడిపోయి ఉన్న మనిషిని చూసినప్పుడు కూడా అదే ప్రశ్న అడుగు. ఇతను తాగింది ఎవరు చేశారు, ఎక్కడ, ఎందుకిలా ఉన్నాడు అని. అడగలేకపోతే ఆ పీడీఎఫ్ మూసెయ్, గోవా పోదాం, చవక :)

పోయిన సంక్రాంతికి దర్శి వెళ్ళినప్పుడు అత్త దగ్గర ఈ యాత్ర కబుర్లు చెప్పా. మావయ్య పోయాక అత్త మిరపకాయలు కోసే కూలికి పోతోంది, ఇప్పుడు ముఠా మేస్త్రి. నేను విస్కీ గురించి మాట్లాడితే ఏమంటుందోనని భయపడుతూనే చెప్పా. అంతా విని ఒక్కటే అడిగింది.

"ఉమ్మేస్తారా? కొనుక్కుని?"

"అవునత్తా, ఇష్టమైతే మింగొచ్చు, లేకపోతే ఉమ్మెయ్యొచ్చు."

"ఉమ్మేసేదానికి నాలుగున్నర లక్షలా!" అని నవ్వింది. అంత గట్టిగా నవ్వడం నేను చాన్నాళ్ళ తర్వాత చూశా. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మీ మావకి ఆ గిన్నె ఎవరన్నా చూపిచ్చుంటే బాగుండేదిరా" అంది.

ఆ తర్వాత సర్టిఫికెట్టు చూపించా, నా అడుగు భూమిది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంగ్లీషు రాదు. "ఇంతేనా? దీంట్లో ఏం పండుద్ది?"

ఏమీ పండదు అన్నా. కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చి, "ఐనా అమ్మబాకు" అంది.